నేను సంతకం పెట్టని ప్రోగ్రాం

కొత్తగా లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు కర్నూల్లో మా ఇంటికి వస్తుంటారు. ఈయన ముప్పై ఏళ్లకు పైగా సీ లాంగ్వేజి చెప్పాడు, వెళ్లి కలవండి అని ఎవరో చెప్పి పంపుతారు. వచ్చినవాళ్లు కాఫీ తాగి అడిగేది ఒక్కటే. "సిలబస్ టైముకు ఎట్ల పూర్తి చేయల్ల సార్?" నాకు ఒళ్లు మండుతుంది. సిలబస్‌దేముంది, సెమిస్టరు అయిపోతే అదీ అయిపోతుంది. ముందు కూర్చున్న అరవై మందిలో ఒక్కరికైనా ఒక చిన్న సమస్యను తనంతట తాను విప్పుకోవడం వచ్చిందా లేదా ఎట్లా తెలుసుకోవాలి అని మాత్రం ఎవరూ అడగరు.

చాలా ఏళ్లు నేనూ అడగలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, తనిఖీ కమిటీలు వచ్చినప్పుడు కప్పిన శాలువాలు, సన్మానాలు, అన్నీ వదిలేస్తున్నాను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు. ముఖ్యంగా రాయవలసింది ఒక అమ్మాయి గురించి. ఆమె చదువు ఆగిపోవడానికి కారణం నేను. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది దాచుకోకుండా రాయగలనని నా ఆశ.

తక్కెడతో పాఠం

మాది కోయిలకుంట్ల. మా నాయనకు బజారులో చిల్లర అంగడి ఉండేది. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఏడాది కంప్యూటరు కోర్సు చేసి, తిరిగి ఊరికే వచ్చి, ఒకాయన మేడమీద పెట్టిన ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మూడు కంప్యూటర్లు, నలభై మంది పిల్లలు. మూడింట్లో ఒకటి ఎప్పుడూ పాడయ్యే ఉండేది. మిగతా రెండూ బాగున్న రోజున కరెంటు ఉండేది కాదు.

కంప్యూటరు లేకుండా ప్రోగ్రామింగ్ చెప్పవలసిన అవసరం అట్లా వచ్చింది. మా నాయన అంగడిలో మూలనపడిన పాత తక్కెడ ఒకటి తెచ్చాను. తూకం గుండ్లు మాత్రం తేలేదు. ఐదు గుడ్డసంచుల్లో ఒక్కోదాంట్లో ఒక్కో కొలత శనగలు పోసి, మూతులు కుట్టించి బల్ల మీద పెట్టాను. ఒకసారికి రెండు సంచులే తూచాలి. ఐదింటిలో ఎక్కువ బరువున్నది ఏదో చెప్పాలి.

"చేత్తో ఎత్తి చూస్తే తెలుస్తాది కద సార్, ఇంత కష్టమెందుకు?" అన్నాడు వెనక బెంచీలో ఒకడు.

"కంప్యూటరుకు చేతుల్లేవప్పా. రెండిట్లో ఏది పెద్దదో చెప్పడం ఒక్కటే దానికి తెలిసింది" అన్నాను.

వాళ్లు తూచారు. రెండు సంచులు పెట్టి, బరువైనదాన్ని ఉంచి తేలికైనది దించి, దాని స్థానంలో ఇంకోటి పెట్టి, అట్లా నాలుగు తూకాల్లో తేల్చారు. తర్వాత చేసిన పని ఒక్కో మెట్టు తెలుగులోనే కాగితం మీద రాయమన్నాను. ఒకరి కాగితం ఇంకొకరికిచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టు చేయమన్నాను. ఒకడు తేలికైన సంచి దించమని రాయడం మరిచిపోయాడు. ఆ కాగితం అందుకున్నవాడు సంచి మీద సంచి పెట్టుకుంటూ పోయాడు, తక్కెడ పళ్లెం నేలకు తగిలింది. నలభై మందీ నవ్వారు. రాసినవాడు ఎర్రబడిన ముఖంతో కాగితం వెనక్కి లాక్కుని దిద్దుకున్నాడు.

ఇంతకన్నా మంచి పాఠం నా జీవితంలో నేను చెప్పలేదు. నాకు చదువు చెప్పడం వచ్చు అని నమ్మకం కలిగింది ఆ మేడ మీదే. మూడేళ్ల తర్వాత ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. ఆ తర్వాత కొన్నేళ్లు బద్వేలులో ఒక డిగ్రీ కాలేజీలో చేశాను, దాని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. చివరికి డోన్ దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కుదురుకున్నాను. తక్కెడ, ఐదు సంచులు కూడా నాతోనే వచ్చాయి.

పుస్తకం

అక్కడి ప్రిన్సిపాల్ చెడ్డమనిషి కాడు. జీతం ఆలస్యమైతే యాజమాన్యంతో మా తరఫున కొట్లాడేవాడు. ఆయనకు ఉన్న బాధ ఒకటే, పాస్ పర్సెంటేజి. ఒకరోజు మా క్లాసు ముందు నుంచి పోతూ కిటికీలోంచి చూసి సాయంత్రం నన్ను పిలిపించాడు.

"ఏమప్పా, ఇంజనీరింగ్ చెప్తాండావా, శనగల యాపారం నేర్పిస్తాండావా?"

"ఆలోచించడం నేర్పిస్తున్నాను సార్."

"ఆలోచన మంచిదే. పరీక్షలో ఆలోచిస్తా కూచుంటే మూడు గంటలు అయిపోతాది. నువ్వొక పని జెయ్. ముఖ్యమైన ప్రోగ్రాములన్నీ ఇన్‌పుట్టు, అవుట్‌పుట్టుతో సహా ఒక పుస్తకంగా రాసియ్యి. పిల్లోల్ల చేతికిస్తే ఫెయిలయ్యేటోడే ఉండడు."

ఆ ఎండాకాలం సెలవుల్లో రాశాను. ఇరవై నాలుగు ప్రోగ్రాములు. కాలేజీవాళ్లు అచ్చు వేయించారు, అట్ట మీద నా పేరు వేశారు. మా నాయన ఆ పుస్తకం అంగడిలో గల్లాపెట్టె పక్కన పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. నాకూ గర్వంగానే ఉండింది, అబద్ధమెందుకు చెప్పాలి.

మా ల్యాబ్ పరీక్ష ఎట్లా జరుగుతుందో తెలియనివాళ్లకు చెప్తాను. విద్యార్థి డబ్బాలోంచి ఒక స్లిప్పు తీస్తాడు. అందులో ఉన్న సమస్యకు ప్రోగ్రాం ముందు కాగితం మీద రాయాలి. రాసింది పరీక్షకుడు చూసి సంతకం పెట్టాలి. సంతకం ఉంటేనే కంప్యూటరు ముందు కూర్చోనిస్తారు. సంతకం లేకపోతే నడిపి చూపించే అవకాశమే లేదు. స్లిప్పు కష్టమనిపిస్తే మార్చుకోవచ్చు, ఐదు మార్కులు పోతాయి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను చదువుకునేటప్పుడూ ఉండేది, నేను చెప్పేటప్పుడూ ఉంది.

పుస్తకం వచ్చాక పర్సెంటేజి పెరిగింది. పిల్లలు ఇరవై నాలుగు ప్రోగ్రాములూ కంఠతా పట్టారు. ప్రోగ్రాములే కాదు, కింద నేను ఉదాహరణకు ఇచ్చిన అంకెలు కూడా. ఐదు సంఖ్యలు ఇవ్వమని కంప్యూటరు అడిగితే అరవై మందీ అవే ఐదు సంఖ్యలు, అదే వరసలో కొట్టేవాళ్లు. పుస్తకంలో ఉన్న జవాబే తెర మీద వచ్చేది. ఒకడు ప్రోగ్రాం చివర ముప్పై ఒకటి అని పేజీ నంబరు కూడా రాశాడు. మేం స్టాఫ్ రూములో ఆ కాగితం చూసి కడుపుబ్బ నవ్వుకున్నాం. నవ్వి పూర్తి మార్కులు వేశాను.

అందులో భయపడవలసింది ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లకు చెప్తున్నాను. మీ క్లాసులో అందరూ ఒకే ఇన్‌పుట్ ఇస్తుంటే మీరు ప్రోగ్రామింగ్ చెప్పడం లేదు. పిల్లలు చెడ్డవాళ్లూ కారు, బద్ధకస్తులూ కారు. మనం దేనికి మార్కులు వేస్తామో అది చేస్తారు, అంతే.

తక్కెడను పూర్తిగా వదల్లేదు. మొదటి సంవత్సరం పిల్లలకు మొదటి వారం సంచులతో ఆడించేవాణ్ణి. రెండో వారం పుస్తకం చేతికిచ్చేవాణ్ణి. నా మనస్సాక్షికి ఆ ఒక్క వారం చాలు అనుకున్నాను. పదకొండేళ్లు అట్లాగే గడిచాయి.

మాబున్నీసా

ఆ అమ్మాయిది బేతంచెర్ల. రోజూ పొద్దున ప్యాసింజరులో డోన్ వచ్చి అక్కణ్ణుంచి కాలేజీ బస్సు ఎక్కేది. తండ్రి హుసేనప్ప నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేస్తాడు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది ఈమె ఒక్కతే.

మొదటి వారం సంచుల ఆటలో బరువైన సంచి ఏదో అందరితో పాటు తేల్చింది. క్లాసు అయిపోయి అందరూ పోతుంటే బల్ల దగ్గరే నిలబడింది.

"సార్, రెండో బరువైన సంచి ఎట్ల కనుక్కునేది?"

"నువ్వే చూడు" అన్నాను.

బరువైన సంచిని తీసి కింద నేల మీద పెట్టింది. మిగిలిన నాలుగింటినీ మళ్లీ మొదట్నుంచి తూచింది. "ఇదే సార్" అని ఒక సంచి చూపించింది. తలూపాను. నాకు సంతోషం వేసింది, ఆమెకు చెప్పలేదు. పిల్లలను పొగిడితే చెడిపోతారని మా కాలంలో ఒక పిచ్చి నమ్మకం.

పుస్తకం దగ్గరికి వచ్చేసరికి ఆమె వెనకబడింది. మిగతావాళ్లు వారానికి మూడు ప్రోగ్రాములు అప్పజెప్పేస్తుంటే ఈమె ఒకదాని దగ్గరే ఆగేది. ఇది ఎందుకు ఇట్లా ఉంది, ఇంకోలా రాస్తే ఏమవుతుంది అని అడిగేది. "ముందు నేర్చుకో, తర్వాత అదే అర్థమవుతుంది" అని నేను అనేవాణ్ణి. ఇంత పనికిమాలిన మాట అధ్యాపకుడు అనకూడదు.

ఏడాది చివరి పరీక్షలప్పుడు వాళ్లమ్మకు కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. దగ్గర ఉండడానికి ఇంకో ఆడమనిషి లేదు. మాబున్నీసా పది రోజులు ఆసుపత్రిలోనే ఉండిపోయింది, రెండు పేపర్లు రాయలేకపోయింది. మా దగ్గర ఒక రూలు ఉంది. మొదటి ఏడాదిలో ఇన్ని క్రెడిట్లు రావాలి, రాకపోతే రెండో ఏడాదిలోకి పంపరు. డిటెయిన్ అంటారు. ఆమెకు ఇక మిగిలింది నా ల్యాబ్ ఒక్కటే. అది పాసైతే గట్టెక్కుతుంది.

పరీక్షకు ముందురోజు వచ్చి ఆ సంగతి నాతో చెప్పింది.

"ఇది పోతే ఏడాది ఇంట్లో కూచోవల్ల సార్. కూచుంటే మా అన్న మల్ల పంపడు. మా నాయన వానికి ఎదురు చెప్పలేడు."

"పుస్తకం బాగా చదువు. ఫెయిలయ్యేవాళ్లు ఎవరూ ఉండరు" అన్నాను.

"చదివినా సార్. కొన్ని నాకు సరిగ్గ లేనట్ల అనిపిస్తాండాయి."

నాకు నవ్వొచ్చింది. "నీకు అనిపించేది పక్కన పెట్టు. ఉన్నది ఉన్నట్టు రాయి" అని పంపించాను.

ఆ కొన్ని ఏవో ఒక్క మాట అడిగి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

స్లిప్పు

పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ వచ్చాడు, కడప వైపు మనిషి, నాకన్నా వయసులో చిన్న. ఆయనా నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. పిల్లలు ఒక్కొక్కరే కాగితం తెచ్చి చూపిస్తున్నారు. నేను చూసి సంతకం పెడుతున్నాను, ఆయన నా సంతకం పక్కన తనది పెడుతున్నాడు. నా పుస్తకంలోవి కాబట్టి ఒక్కో కాగితానికి అర నిమిషం కూడా పట్టడం లేదు. చివరికి చూడడం మానేసి ఆకారం చూసి సంతకం పెడుతున్నాను. ఎక్కడ ఎన్ని వరసలు ఉండాలో నా కంటికి తెలుసు.

మాబున్నీసాకు వచ్చిన స్లిప్పు, ఇచ్చిన ఐదు సంఖ్యల్లో రెండో పెద్ద సంఖ్య కనుక్కోవడం. కాగితం తెచ్చింది. చూడగానే నా కన్ను ఆగింది. పుస్తకంలో ఉన్నది ఒక్క చుట్టు, అంటే అంకెలన్నిటినీ మొదట్నుంచి చివరిదాకా ఒకసారి చూసుకుంటూ పోయే లూపు. ఈమె రెండు చుట్లు రాసింది. కింద ఉదాహరణ అంకెలు కూడా నేనిచ్చిన వరసలో లేవు.

"ఇదేం ప్రోగ్రాం? రెండు లూపులెందుకు? సగం మరిచిపోయి సొంతంగా అతికించావా?"

"లేదు సార్. మొదటి తూరి పెద్దది కనుక్కుని పక్కన పెట్టినా. రెండో తూరి అది వదిలేసి మిగతావి చూసినా."

"పుస్తకంలో ఒక్కసారిలో అయిపోతుంది కదా. అది రాయి."

ఆమె గొంతు తగ్గించింది. "పుస్తకంలోది కొన్నిసార్లు తప్పు వస్తాది సార్. పెద్ద సంఖ్య మొదట్లోనే ఉంటే."

పక్కన ఎక్స్‌టర్నల్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఏం సార్, మీ పాప మీకే పాఠం చెప్తాందే!"

ఆయన మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. హాల్లో పిల్లలందరూ తలెత్తి చూస్తున్నారు. "పదకొండేళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాం ఇది. ఇన్ని బ్యాచులకు రాని తప్పు నీకొక్కదానికే వచ్చిందా?" అని అరిచాను. అరవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు అరిచాను.

"ఒక్కసారి రన్ చేయనీండి సార్. తప్పయితే అప్పుడు కొట్టేయండి."

"రాసిందే తప్పయితే రన్ చేసేది ఏముంది? స్లిప్పు మార్చుకో. ఐదు మార్కులు పోతాయి, అయినా పాసవుతావు."

ఆమె కాగితం వైపు చూసుకుంది. పాస్ కావడం ఆమెకు ఎంత అవసరమో నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

"ఇది సరిగ్గానే ఉండాది సార్. ఎందుకు మార్చుకోవల్ల?"

కాగితం అడ్డంగా కొట్టేసి ఇచ్చాను. ఆమె కాగితం తీసుకుంది. వెళ్లి తన చోట కూర్చుంది. గంట కొట్టేదాకా అక్కడే కూర్చుని, కాగితం ఇచ్చేసి వెళ్లిపోయింది.

అరగంట

మా ల్యాబ్ అసిస్టెంట్ ఖాదర్ బాషా. చదివింది ఐటీఐ, కాని ఆ ల్యాబ్‌లో ఏ మిషనుకు ఏం జబ్బో అతనికి తెలిసినంత నాకు తెలియదు. మూడున్నరకు నేను మార్కుల పట్టీ పూర్తి చేస్తుంటే వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"సార్, ఒకతూరి లోపలికి రాండి."

లోపల రెండు కంప్యూటర్లు పక్కపక్కన వెలుగుతున్నాయి. కొట్టేసిన కాగితం కీబోర్డు పక్కన ఉంది.

"ఆ పాపది కొట్టి చూసినా. నడుస్తాండాది. ఆయమ్మి ఇచ్చిన నంబర్లే మీదాంట్లో గూడా కొట్టినా. చూడండి."

అంకెలు పుస్తకంలోవే, వరస మాత్రం వేరు. 45, 12, 30, 8, 27. ఆమె ప్రోగ్రాం రెండో పెద్ద సంఖ్య 30 అని చెప్పింది. నాది 45 అని చెప్పింది.

ఎక్కడ పోయిందో చూడడానికి నాకు నిమిషం పట్టలేదు. నా పద్ధతిలో మొదటి సంఖ్యనే పెద్దదీ, రెండో పెద్దదీ అని తాత్కాలికంగా అనుకుని మొదలుపెడతాం. దానికన్నా పెద్దది ఎదురైతే పాతది రెండో స్థానానికి దిగుతుంది. మొదటి సంఖ్యే అన్నిటికన్నా పెద్దదైతే దాన్ని దించేది ఎప్పటికీ రాదు. రెండు స్థానాల్లోనూ అదే కూర్చుని ఉంటుంది. పుస్తకంలో నేనిచ్చిన వరస 12తో మొదలవుతుంది. పదకొండేళ్లు అందరూ 12తోనే మొదలుపెట్టారు కాబట్టి తప్పు ఒక్కసారి కూడా బయటపడలేదు. దానికి అవకాశమివ్వని చదువు చెప్పింది నేనే.

"మార్కుల కవరు ఇంగా సీలు ఎయ్యలేదు సార్" అన్నాడు ఖాదర్.

ప్రిన్సిపాల్ గదికి పోయి జరిగింది చెప్పాను. మార్కులు మారుస్తానన్నాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ స్లిప్పు ఇంకెవరికన్నా వచ్చిందా?"

"నలుగురికి సార్. పుస్తకంలో ఉన్నట్టే రాశారు. పూర్తి మార్కులు వేశాను."

"అయితే వాళ్లది తప్పని కొట్టేస్తావా? ఎనకటి బ్యాచులోల్లను ఏం జేస్తావు? ఎక్స్‌టర్నల్ ముందర మా పుస్తకమే తప్పని చెప్పుకుంటావా? రేపు ఆయన పది కాలేజీల్లో చెప్తాడు."

"డిటెయిన్ అవుతుంది సార్ ఆ అమ్మాయి."

ఆయన కళ్లజోడు తీసుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నేను వద్దనడం ల్యాదప్పా. సంతకం నీది. నీ ఇష్టం" అన్నాడు చివరికి.

ఈ మాట నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. చాలామందితో, ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు అని చెప్పాను. మా ఆవిడతో కూడా అట్లాగే చెప్పాను. ఆయన నన్ను ఆపలేదు.

ల్యాబ్‌కు తిరిగి వచ్చాను. ఎక్స్‌టర్నల్ రైలుకు టైమవుతోందని డోన్ స్టేషనుకు జీపు పిలిపించుకున్నాడు. పట్టీ నా ముందే ఉంది. ఆమె పేరు ఎదురుగా ఉన్న అంకె కొట్టేసి ఇంకోటి వేసి, పక్కన సంతకం పెట్టి, ఆయనతో ఒక్క మాట చెప్తే అయిపోయేది. పొద్దున అందరి ముందూ అరిచిన నోటితో ఆయన ముందు ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది. ఉద్యోగం గురించి భయం లేదు, నన్ను ఎవరూ తీసేసేవాళ్లు కాదు. ఉత్త సిగ్గు. ఖాదర్ లక్క కరిగించి ఇచ్చాడు. కవరు మీద నా చేత్తోనే సీలు వేశాను. ఖాదర్ ఆ తర్వాత చాలా రోజులు నాతో పనికి సంబంధించిన మాటలే మాట్లాడాడు.

ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పిల్లలు రాసింది మీకు అలవాటైన ఆకారంలో లేకపోతే ముందు దాన్ని నడిపించి చూడండి, తర్వాత నోరు తెరవండి. తప్పు చేయని ప్రోగ్రామరు లేడు, నేనూ చేశాను, అది క్షమించదగ్గదే. తప్పు కళ్లారా చూశాక ఆ అరగంటలో నేను చేసినది వేరే సంగతి.

బేతంచెర్ల

డిటెయిన్ అయినవాళ్ల జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. ఆమె పేరు ఉంది. మళ్లీ కాలేజీకి రాలేదు. నాలుగు నెలలు పోయాక ఒక ఆదివారం, ఇంట్లో కూర్చోలేక, ఖాదర్ను వెంటబెట్టుకుని బేతంచెర్ల పోయాను. ఆదివారమైనా ఫ్యాక్టరీలో పని నడుస్తోంది. తండ్రీ కూతురూ ఇద్దరూ అక్కడే ఉన్నారని ఇంటి పక్కవాళ్లు చెప్పారు.

అన్నం వేళ కాబట్టి మిషన్లు ఆపి ఉన్నాయి. నేలంతా రాతిబురద తెల్లగా పేరుకుని ఉంది. మాబున్నీసా పాలిష్ అయిన బండలను నీళ్లతో కడిగి గోడకు ఆనిస్తోంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని నిలబడింది. హుసేనప్ప పరుగున వచ్చి ఎవరినో కుర్చీ తెమ్మని కేకేశాడు. నేను కూర్చోలేదు.

"మాబున్నీ, ఆ రోజు నువ్వు రాసింది రైటే. తప్పు నాది" అన్నాను. నాలుగు నెలలు మనసులో కూడబలుక్కున్న మాటలన్నీ పోయి ఇంతే వచ్చింది.

"తెలుసు సార్" అంది.

"ఎట్లా తెలుసు?"

"ఇంటికొచ్చి కాగితం మీద ఒక్కో అంకె ఏసి చూసుకున్నా. మీది గూడా చూసినా."

హుసేనప్ప ఆమె ముఖం వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూశాడు. "ఏందిమ్మా, పాసైనావా నువ్వు? చదవక ఫెయిలయిందని మీ అన్న అన్ని మాటలంటాంటే గమ్మునుంటివే! నాకన్నా చెప్పకపోతివే!"

"చెప్తే ఏం జేస్తావు నాయనా."

ఆయన తల మీది గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

నేను చెప్పుకుంటూ పోయాను. వచ్చే ఏడాది మళ్లీ చేరవచ్చు, ప్రిన్సిపాల్‌తో నేను మాట్లాడతాను, వాళ్ల అన్నతో కూడా మాట్లాడతాను అన్నాను. ఆమె అడ్డం రాకుండా వింది.

"మా అన్న ఒప్పుకోడు సార్. నాకూ ఇంగ మనసు ల్యాదు." పక్కనున్న బండను గోడకు ఆనించి, "పుస్తకంలో మార్చినారా సార్ అది?" అని అడిగింది.

నాకు ఆ ప్రశ్న వస్తుందనిపించలేదు. "ఇంకా లేదమ్మా" అన్నాను.

"అయితే ఇప్పుడుండే పిల్లోల్లు గూడా అదే రాస్తాండారా?"

"అవును."

"మరి ఈడికెందుకొచ్చినారు సార్?"

కోపంతో అడగలేదు. క్లాసులో అడిగినట్టే, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అంతలో లోపల మిషను మొదలైంది. ఆమె పైపు తీసుకుని బండల దగ్గరికి వెళ్లింది. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడినా వినపడదు. ఖాదర్ నా భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చాడు.

మరుసటి రోజే ఆ పేజీ మార్చాను, ఎవరి అనుమతీ అడగలేదు. కొట్టేసిన ఆమె కాగితం ఖాదర్ బీరువాలో దాచి ఉంచాడు. అందులో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను, 45తో మొదలయ్యే ఆమె అంకెలతో సహా. తర్వాతి ఏడాది అరవై మంది పిల్లలు ఆ రెండు చుట్ల ప్రోగ్రాంను కంఠతా పట్టారు. ఆ స్లిప్పు వచ్చినవాళ్లు అవే అంకెలు, అదే వరసలో రాసుకొచ్చారు. నేను ఆకారం చూసి సంతకం పెట్టాను. అందరూ పాసయ్యారు. ఆ ప్రోగ్రాం ఎవరు రాశారని ఒక్కరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పుస్తకం అట్ట మీద నా పేరే ఉంది.